మీకు తెలుసా? ముందు డంపు, తర్వాతే రీస్టార్టు

అమెరికా బ్యాంకుల్లో రాత్రి బ్యాచ్ పడిపోయేసరికి మనకు తెల్లవారుతుంది. అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్ నేర్చుకుని మెయిన్‌ఫ్రేమ్ ఉద్యోగాల్లో చేరిన మనవాళ్లకు ఆ వేళప్పుడు వచ్చే ఫోన్లు కొత్తేమీ కాదు. 2020 లాక్‌డౌన్‌లోనైతే చాలామంది సొంతూళ్లలో కూర్చునే ఆ ఫోన్లు ఎత్తారు. తప్పు తమ ప్రోగ్రాములో కాక ఐబీఎం సాఫ్ట్‌వేర్‌లో ఉందనిపిస్తే వాళ్లు ఐబీఎంకి కేసు పెట్టాలి. కేసుతో పాటు ఏం పంపుతారన్నదే అసలు సంగతి.

బ్యాచ్‌లోని జాబు ఎస్‌0సి7 అని ఆగిందా? తొందరపడి కేసు పెట్టకండి. అంకెలుండాల్సిన చోట అంకెలు కానిదేదో దూరిందని దానర్థం. మెయిన్‌ఫ్రేమ్ లిపిలో ఖాళీ జాగా అంటే హెక్సాలో 40. ప్యాక్డ్ డెసిమల్ సంఖ్య చివర ప్లస్సో మైనస్సో చెప్పే అరబైటు ఒకటి ఉంటుంది. అందులో ఏ నుంచి ఎఫ్ వరకు ఉన్న అక్షరాల్లో ఏదో ఒకటి ఉండాలి. సంఖ్య ఉండాల్సిన చోట ఖాళీలు పడితే అక్కడ 0 వచ్చి కూర్చుంటుంది, యంత్రం లెక్క మానేస్తుంది. ఇది చాలాసార్లు మన డేటా తప్పే.

తప్పు మనది కాదని తేలితే పంపాల్సింది డంపు, అంటే ఆగినప్పటి మెమరీ నకలు. చదవడానికి వీలుగా వచ్చే సిస్‌యూడంప్ మనకు పనికొస్తుంది గానీ, ఐబీఎం వాళ్లు అడిగేది ముడి డంపు. సిస్‌ఎండంప్, ఎస్‌వీసీ డంప్ ఆ రకానివి. వాటిని ఐపీసీఎస్ అనే పరికరంలో తెరుస్తారు. పొందూరు సన్న ఖద్దరు కోసం పత్తిని ముందు వాలుగ చేప దవడతో దువ్వి చెత్త తీస్తారు కదా, ఐపీసీఎస్ చేసేదీ ఆ దువ్వుడే. కాకపోతే దువ్వాల్సింది వాళ్లు. మీరు ఏరి పంపిన నాలుగు పేజీల్లో వాళ్లకు కావలసింది లేకపోవచ్చు.

తిరుగుతూనే ఉండి ఎంతకీ ఆగని జాబును ఆపరేటర్ ఉత్తినే క్యాన్సిల్ చేస్తే ఎస్‌222 వస్తుంది, డంపు ఉండదు. అదే కమాండుకు ‘డంప్’ అన్న మాట తగిలిస్తే ఎస్‌122 వస్తుంది, డంపూ దొరుకుతుంది. ఆ ఒక్క మాట మరిచిపోతే సమస్య మళ్లీ తిరగబెట్టేదాకా ఎదురుచూడాల్సిందే.

సిస్టమ్ మొత్తం బిగుసుకుపోతే సంగతి ఇంకా పెద్దది. పైవాళ్లంతా ‘ముందు పైకి తెండి’ అంటారు. ఐపీఎల్, అంటే రీస్టార్టు, చేస్తే సిస్టమ్ లేస్తుంది గానీ, మెమరీలోని ఆధారమంతా చెరిగిపోతుంది. అందుకే దానికి ముందు స్టాండ్‌అలోన్ డంప్ ప్రోగ్రామును ఐపీఎల్ చేసి, మెమరీని డిస్కుకు దించుకోవాలి. ఆ ప్రోగ్రామూ, డంపు పట్టే డేటాసెట్లూ ముందే సిద్ధంగా లేకపోతే ఆ గాభరాలో కుదిరే పని కాదు. ఈ ఆలస్యానికి ఒప్పుకోని మేనేజర్లు, వారం తిరక్కుండా అదే సమస్య వస్తే కారణమేమిటని అడుగుతారు!

డంపు వచ్చిందని సంబరపడకుండా కన్సోల్‌లో ఐఈఏ611ఐ సందేశం చూడండి. అందులో ‘పార్షియల్’ అని ఉంటే కొంత రాలేదన్నమాట. జాగా చాలకపోవడం దానికి ఒక కారణం. అసలు డంపే రాలేదా? డీఏఈ అనే విభాగం ఇలాంటి లక్షణాలతో ఇదివరకే ఒకటి ఉందని చూసి, ఇంకొకటి అనవసరమని ఆపేసి ఉండొచ్చు. అప్పుడు పాతదాన్నే వెతికి పంపాలి.

పంపేటప్పుడు డంపును అమాటెర్స్ అనే ప్రోగ్రాముతో కుదించి, బైనరీలోనే పంపాలి. టెక్స్టుగా పంపితే దారిలో మెయిన్‌ఫ్రేమ్ లిపి ఎబ్సిడిక్ కాస్తా ఆస్కీగా మారిపోతుంది, ఆ ఫైలు ఎవరికీ తెరుచుకోదు. సిస్టమ్ సందేశాలుండే సిస్‌లాగ్, లోపాల చిట్టా లాగ్‌రెక్ కూడా జతచేయండి. ఈమధ్య ఐబీఎం దిద్దుబాట్లు (పీటీఎఫ్‌లు) ఏవి ఎక్కించారో దాచకుండా రాయండి.

డంపంటే మెమరీ కాబట్టి అందులో ఖాతాదారుల పేర్లు, నంబర్లు కూడా ఉండొచ్చు. 2019లో వచ్చిన జెడ్15 యంత్రంతో ఐబీఎం దీనికో ఏర్పాటు తెచ్చింది. రహస్య సమాచారమున్న పేజీలకు ముందే గుర్తు పెట్టుకుంటే, వాటిని తీసేసిన డంపును వేరుగా తయారుచేసి పంపొచ్చు.