మోటారుకారు పొగగొట్టము: అమరికలోని చిక్కులు

మోటారుకారు అడుగున దాగియుండి, వెనుక కొస మాత్రము కనిపించు పొగగొట్టము చూచుటకు మిక్కిలి సామాన్యమైన వస్తువు. ఒక కొస ఇంజనుకు తగిలియుండును. మరొక కొస బయటి గాలిలోనికి తెరచియుండును. నడుమ ఒకటి రెండు డబ్బాలుండును. ఇంతమాత్రపు దానిని తీసివేసి, అంతకంటె లావైన మెరుపు గొట్టమును బిగించుకొనుట యేమంత కష్టమని వేగముగల కార్లపై మోజున్న యువకులు తలచుటలో వింతలేదు. అట్టి కార్లు కామారెడ్డి మీదుగా పోవు 44వ నంబరు జాతీయ రహదారిపై అప్పుడప్పుడు పెద్ద చప్పుడుతో దూసుకొనిపోవుట పాఠకులలో కొందరు చూచియే యుందురు.

కాని బజారున కొన్న గొట్టము కారుకు తిన్నగా కుదురుట అరుదు. బోల్టుల రంధ్రములు ఒకదానికొకటి ఎదురుకావు. ఎదురైనను గొట్టము అడుగురేకును రాచుకొనును. మెకానిక్కు ఎట్లో సర్ది బిగించి పంపినను, కారు కామారెడ్డి నుండి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి చేరునప్పటికి క్రింద ఏదో టకటక కొట్టుకొనుట మొదలగును. అపుడు యజమాని మెకానిక్కును నిందించును. మెకానిక్కు గొట్టము చేసినవానిని నిందించును. నిజమునకు ఈ చిక్కులలో చాలభాగము పనివాని చేతిలో లేవు. అవి హైస్కూలు భౌతికశాస్త్రములో మనము నిత్యము చెప్పుకొను పాఠములలోనే ఉన్నవి.

ముందుగా ఈ గొట్టము చేయు పని యేమో చూతము. సిలిండర్లలో పెట్రోలు మండిన పిమ్మట మిగిలిన వేడివాయువులు వేళ్ళవలె చీలియున్న గొట్టముల గుండా వచ్చి ఒకటిగా కలియును. ఈ భాగమునకు మానిఫోల్డు అని పేరు. అచ్చట నుండి అవి విషవాయువులను మార్చు ఉత్ప్రేరకపు డబ్బాలోనికి, పిదప చప్పుడు తగ్గించు డబ్బాలోనికి పోయి, తుదకు వెలికి వచ్చును. మన జనులు దీనినంతటిని కలిపి సైలెన్సరు అనియే అందురు. చప్పుడు తగ్గించు డబ్బాకు అమెరికాలో రీవ్స్ సోదరులు 1897లో పేటెంటు పొందిరి. ఉత్ప్రేరకపు డబ్బా అంత పాతది కాదు. మన దేశములో 1995లో నాలుగు మహానగరములలో అమ్ము క్రొత్త పెట్రోలు కార్లకు దానిని తప్పనిసరి చేసిరి. కనుక నేటి పొగగొట్టము వట్టి గొట్టము కాదు; ప్రక్కప్రక్కన నాలుగైదు పనులు చేయు యంత్రభాగము. దానిలో ఒక తునకను మార్చినచో తక్కిన పనులన్నియు ఎంతో కొంత కదలును.

పేరు ఒకటే, కారు వేరు

అమరికలోని మొదటి చిక్కు భూగోళమునకు సంబంధించినది. అమెరికాలోను, ఐరోపాఖండములో హెచ్చుభాగమునను వాహనములు రోడ్డుకు కుడివైపున నడచును. స్టీరింగు ఎడమవైపున ఉండును. మన దేశములో ఇది తారుమారు. స్టీరింగు చక్రము నుండి ముందు చక్రముల వరకు దిగు ఇనుపకడ్డీ మన కార్లలో ఇంజను కుడిప్రక్కగా పోవును. ఎడమ స్టీరింగు కారును కొలిచి చేసిన మానిఫోల్డు కుడి స్టీరింగు కారులో సరిగా ఈ కడ్డీ పోవుచోటికే వచ్చి అడ్డుపడవచ్చును. ఫోర్డు మస్టాంగు కారు 1964లో పుట్టినది. కాని కర్మాగారములోనే కుడి స్టీరింగుతో తయారగుట 2015 నుండి మాత్రమే మొదలైనది. మన దేశములో అది 2016లో అమ్మకమునకు వచ్చినది. అర్ధశతాబ్ది పాటు ఎడమ స్టీరింగు కార్లకై చేసిన మానిఫోల్డుల నమూనాలు దీనికి తిన్నగా కుదురవనుటలో ఆశ్చర్యమేమున్నది? పెట్టెపై కారు పేరు సరిగానే ఉండును. పేరు చూచి కొన్నవాడు మోసపోవును.

సంవత్సరము మారినను ఇదే చిక్కు. మన దేశమంతట భారత్ స్టేజి నాలుగు నియమములు 2017 ఏప్రిల్ 1 నుండి, భారత్ స్టేజి ఆరు నియమములు 2020 ఏప్రిల్ 1 నుండి అమలైనవి. ఈ మార్పులతో చాల కార్లలో ఉత్ప్రేరకపు డబ్బా ఇంజనుకు మరింత దగ్గరకు జరిగినది. ఆమ్లజనిని కనిపెట్టు పరికరముల చోటులు మారినవి. కారు పైరూపు మాత్రము అదే. 2018 నాటి కారుకు చేసిన గొట్టమును అదే పేరుగల 2021 నాటి కారుకు తొడుగబోయి భంగపడుట ఇందువలననే.

వేడిమి చేయు పని

ఎద్దులబండి చక్రమునకు ఇనుపపట్టా వేయుట మన పల్లెలలో ఒకప్పుడు ప్రతి బాలుడు చూచిన దృశ్యము. పట్టాను చక్రముకంటె కొంచెము చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చి, అది పెరిగినపుడు చక్రమునకు తొడిగి నీళ్ళు చల్లుదురు. చల్లారుచు అది ముడుచుకొని కొయ్యను బిగించి పట్టును. కమ్మరికి మేలుచేసిన ఈ వ్యాకోచమే పొగగొట్టమును బిగించువానికి శత్రువు.

ఒక లెక్క చూడుడు. గొట్టము పొడవు 2 మీటర్లనుకొందము. ఇంజను దగ్గర అది మిక్కిలి వేడిగాను, వెనుక కొసన తక్కువ వేడిగాను ఉండును. సగటున 350 డిగ్రీలు పెరిగినదనుకొందము. కర్మాగారములో అమర్చి పంపు గొట్టములు పలుమార్లు 409 అను రకపు స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేయబడును. దాని దైర్ఘ్య వ్యాకోచ గుణకము డిగ్రీకి సుమారు పదిలక్షలకు 12 వంతులు. పొడవును, ఉష్ణోగ్రతలోని పెరుగుదలను, గుణకమును హెచ్చవేసిన గొట్టము 8.4 మిల్లీమీటర్లు పెరుగునని తేలును. బజారున దొరకు మెరుపు గొట్టములు తరచుగా 304 రకపు ఉక్కువి. దీని గుణకము ఇంచుమించు 17.5 వంతులు. అనగా పెరుగుదల 12 మిల్లీమీటర్లకు పైగా ఉండును. తొలి గొట్టము పెరుగుదలకు సరిపడునట్లు ఇంజనీరు విడిచిన సందు రెండవదానికి చాలదు. పైకి చూచుటకు రెండును ఉక్కు గొట్టములే!

ఈ రెండు రకములను తరగతిలోనే గుర్తింపవచ్చును. 409 రకమునకు అయస్కాంతము గట్టిగా అంటుకొనును. 304 రకమునకు అంటుకొనదు. వంచినచోట మాత్రము 304 కూడ కొద్దిగా లాగవచ్చును. కావున తిన్నని భాగముననే చూడవలెను. మెకానిక్ దుకాణములో పడియున్న రెండు పాత తునకలను ఉపాధ్యాయులు తెప్పించినచో ఒక పీరియడు పాఠము సుఖముగా నడచును.

పెరిగిన గొట్టము ఎటో ఒకవైపు జరుగవలెను. అందుకే దానిని కారు అడుగున గట్టిగా బిగింపక, రబ్బరు వలయములతో వ్రేలాడదీయుదురు. ఇంజను సయితము స్థిరముగా ఉండదు. అడ్డముగా అమర్చిన ఇంజను యాక్సిలరేటరు త్రొక్కినపుడు వెనుకకు, విడిచినపుడు ముందుకు ఊగును. ఈ ఊపు గొట్టమునకు తగులకుండుటకై నడుమ ముడుతలు ముడుతలుగా నుండి వంగు తునక నొకదానిని పెట్టుదురు. ధర తగ్గించుటకో, తూకము తగ్గించుటకో కొన్ని బజారు గొట్టములలో ఈ తునకను తీసివేయుదురు. రబ్బరు వలయమునకు బదులు ఇనుపపట్టీతో కట్టివేయుటయు కలదు. అపుడు ఇంజను ఊపు, వేడి పెరుగుదల రెండును పోయి అతుకుపై పడును. కొన్నాళ్ళకు అచ్చట పగులు పట్టును. వెల్డింగు చేసినవాడు మరల తిట్లు తినును.

కనబడని సందు

ఈ పగులునుండి చప్పుడు మాత్రమే వచ్చుననుకొనుట పొరపాటు. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3000 సార్లు తిరుగునపుడు గొట్టములోనికి సెకనుకు 100 తెరలుగా వాయువు వచ్చును. ఒక తెరకు, మరొక తెరకు నడుమ పీడనము క్షణకాలము బయటి గాలి పీడనముకంటె తగ్గును. ఆ క్షణములో పగులుగుండా బయటి గాలి లోనికి పోవును. దానికి దిగువనే ఆమ్లజనిని కనిపెట్టు పరికరమున్నచో, అది ఈ దొంగగాలిలోని ఆమ్లజనిని చూచి, సిలిండరులో పెట్రోలు చాలకున్నదని ఇంజను గణకయంత్రమునకు తప్పుడు వార్త పంపును. గణకయంత్రము పెట్రోలు హెచ్చించును. లీటరుకు వచ్చు దూరము తగ్గును. ఉత్ప్రేరకపు డబ్బా మితిమీరి కాలును. వెండ్రుకవంటి పగులు జేబునకు ఇంత చిల్లు పెట్టును.

అంతకంటె ఘోరమైనది కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిను ఆమ్లజనితోకంటె ఈ వాయువుతో 200 రెట్లకు మించిన బలముతో కలియును. అడుగున అతుకు కారుచుండగా, అద్దములు మూసి, శీతల యంత్రము నడుపుచు, నిలిచియున్న కారులో నిద్రించుట ప్రాణాపాయము. మరొక సంగతి చాలమంది ఎరుగరు. గొట్టపు కొస వెనుక బంపరును దాటి బయటికి రావలెను. కొలత తప్పి కొస లోపలనే ఆగినచో, కదలుచున్న కారు వెనుక ఏర్పడు అల్పపీడనము ఆ వాయువును డిక్కీ సందులగుండా లోనికి లాగుకొనును. రెండంగుళముల తక్కువ గొట్టము అందమునకు సంబంధించిన లోపము కాదు.

లావు గొట్టము బలమిచ్చునా?

రెండంగుళముల గొట్టము తీసి రెండున్నర అంగుళముల గొట్టము వేసినచో లోపలి వైశాల్యము 1.56 రెట్లగును. అంతే వాయువు పోవునపుడు దాని వేగము మూడింట రెండువంతులకు తగ్గును. పాత రెండంగుళముల ఫ్లాంజికి దీనిని కలిపినచోట లోపల మెట్టు ఏర్పడును; పాత కొలత గాస్కెట్టు అంచు లోనికి పొడుచుకొని వచ్చును. కాలువలో రాయి పెట్టినట్లు వాయువు అచ్చట సుడి తిరుగును. ఇక్కడనే లావు గొట్టపు లాభము కొంత పోయినది.

పొడవు సంగతి మరింత రుచికరము. ధ్వని వేగము నిరపేక్ష ఉష్ణోగ్రత వర్గమూలమును అనుసరించును. గాలిలో 27 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద, అనగా 300 నిరపేక్ష డిగ్రీల వద్ద, సెకనుకు 347 మీటర్లు. 627 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద నిరపేక్ష ఉష్ణోగ్రత 900, అనగా మూడు రెట్లు. మూడు వర్గమూలము 1.732 కాబట్టి వేగము సుమారు 600 మీటర్లగును. పొగ వాయువు అచ్చముగా గాలి కాకున్నను ఈ లెక్క చాలును. సిలిండరు నుండి బయలుదేరిన పీడనతరంగము తెరచియున్న చోటికి చేరి, అచ్చట నుండి అల్పపీడన తరంగముగా మారి వెనుకకు వచ్చును. అది కవాటము తెరచియుండగా చేరినచో మిగిలిన పొగను బయటికి లాగి ఇంజనుకు సాయపడును. వేళ తప్పినచో సాయము లేదు. గొట్టపు పొడవు ఈ వేళను నిర్ణయించును. పందెపు కార్ల గొట్టములు నిమిషమునకు ఆరేడువేల సార్లు తిరుగు వేళకు కుదిర్చినవి. కామారెడ్డి–ఎల్లారెడ్డి దారిలో గేదెలను, ట్రాక్టర్లను తప్పించుకొనుచు పోవువాని ఇంజను రెండువేల చుట్టు ప్రక్కల తిరుగుచుండును. అచ్చట అతనికి దక్కునది చప్పుడు మాత్రమే అని నా అభిప్రాయము.

ఈ దారి మరొక పరీక్ష కూడ పెట్టును. ఊరు వచ్చినచోట రోడ్డుకు అడ్డముగా గట్టు తగులును. భారత రోడ్ల కాంగ్రెసు సూచించిన గుండ్రని గట్టు 10 సెంటిమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు కలది. అది విశాలమైనది కనుక కారు ముందు, వెనుక చక్రములు రెండును ఒకేసారి దానిపైననే నిలుచును, కడుపు తగులదు. కాని అదే ఎత్తును మూరెడు వెడల్పులో పోసినచో ముందు చక్రములు దిగిన వెంటనే గట్టు పూర్తిగా కారు కడుపు క్రిందికి వచ్చును. క్రింది సందు 15 సెంటిమీటర్లనుకొనుడు. నలుగురు కూర్చున్నచో మూడు పోవును. లావు గొట్టము, దాని క్లాంపు, బోల్టుతల మరి రెండు తినివేయును. మిగిలినవి 10. ఇక స్ప్రింగు ఒక్కసారి ఊగిన చాలును, దెబ్బ తగులును. బోల్టుతలలు నేలవైపు కాక ప్రక్కకు తిరుగునట్లు క్లాంపును అమర్చుట చిన్న పనియే కాని ఒక సెంటిమీటరు మిగుల్చును.

వేసవిలో ఎల్లారెడ్డి ప్రాంతపు అడవులలో టేకు ఆకు రాలి ఎండియుండును. వేడి కవచపు రేకు అడ్డముగా ఉన్నదని పీకిపారవేసిన కారును అట్టి ఎండుటాకులపై నిలుపుట నిప్పు పెట్టుటతో సమానము.

చట్టము మాట కొంచెము చెప్పవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను తయారీదారు ఇచ్చిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదనుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని స్పష్టపరచినది. చప్పుడు, పొగల ప్రమాణములు మీరినచో 190వ సెక్షను క్రింద మొదటి తప్పుకే మూడు నెలల వరకు జైలు గాని, పదివేల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని పడవచ్చును. ఉత్ప్రేరకపు డబ్బాను తొలగించి తిన్నని గొట్టము వేయువారు ఇది ఎరిగియుండుట మంచిది.

తుప్పు పట్టిన గొట్టమును మార్చుట మాత్రము న్యాయమైన అవసరమే. అపుడు ఆ కారుకే, ఆ సంవత్సరమునకే చేసిన భాగమును తెప్పించి, పాతదాని ప్రక్కన నేలపై పరచి కొలిచి చూడవలెను. బిగించునపుడు ఏ బోల్టును మొదటనే పూర్తిగా బిగింపరాదు. ఇంజను వైపు నుండి వెనుకకు అన్నిటిని వ్రేళ్ళతో తగిలించి, రబ్బరు వలయములు తిన్నగా వ్రేలాడునట్లు చూచి, పిదప ముందునుండి వరుసగా బిగించుకొని రావలెను. గొట్టమునకు, అడుగురేకునకు నడుమ ఇరుకుగా ఉన్నచోట తడి బంకమన్ను ముద్దను అంటించి, గొట్టమును చేతితో నాలుగువైపుల ఊపి చూచినచో, ముద్ద నలిగి మిగిలిన మందమే అచ్చటి సందు. వేలెడు మందమైనను లేనిచో అచ్చట వేడెక్కిన తరువాత తప్పక తగులును. కారును ఒకసారి ఎల్లారెడ్డి దాక నడిపి తెచ్చి, పూర్తిగా చల్లారిన పిమ్మట బోల్టులను మరల బిగించి, అతుకుల చుట్టు టార్చిలైటు వేసి చూడవలెను. ఎక్కడనైన కాటుకవంటి నల్లని గీత కనిపించినచో, వాయువు కారుచున్నది అచ్చటనే.