లెక్కల తొలిమెట్టు

ఇటీవల చెన్నపురిలో మా మిత్రులగు నొక న్యాయవాదిగారి యింటికి పోయియుంటిమి. వారి మనుమరాలు మూడున్నర యేండ్ల బాలిక. ఈ యేడే శిశుపాఠశాలలో చేరినది. తాతగారు పిలువగనే వచ్చి మా యెదుట నిలిచి, ఒకటి మొదలు ఏబది వఱకు ఇంగ్లీషు సంఖ్యలను గుక్క తిప్పుకొనక అప్పగించినది. ఇంటిల్లిపాదియు సంతోషించిరి. అంతలో వామనగుంటల పీట ముందు పెట్టుకొని కూర్చున్న నాయనమ్మగారు, "బంగారూ, ఆ డబ్బాలో చింతగింజలు ఆరు తెచ్చిపెట్టమ్మా" అనిరి. బాలిక పిడికెడు గింజలు తెచ్చి ఆమె యొడిలో పోసినది. తాతగారు "సిక్సు" అని ఇంగ్లీషున మఱల చెప్పిరి. బాలిక మఱియొక పిడికెడు తెచ్చినది. తాతగారి మొగము చిన్నబోయినది. ఇంత రుసుము పుచ్చుకొని బడిలో నేర్పుచున్నదేమని వారు నొచ్చుకొనిరి.

ఆ పసిదాని బుద్ధికి లోపమేమియు లేదని మేము వారికి చెప్పితిమి. లోపమున్నచో, అప్పగించుటయే లెక్క నేర్చుట యని భ్రమపడు పెద్దలమగు మనయందే యున్నది. వకీళ్లు, వైద్యులు, ఇంజనీర్లు, ఉద్యోగస్థులునగు మా పాఠకుల యిండ్లలో నిట్టి దృశ్యము అరుదు కాదు గనుక, ఈ విషయమును కొంత విస్తరించి విన్నవించుచున్నాము.

సంఖ్యల పేర్లను వరుసగా చెప్పుట పాట పాడుట వంటిది. లెక్కించుట అంతకంటె కష్టతరమైన వ్యాపారము. 1978లో రోషెల్ గెల్‌మన్, గాలిస్టెల్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు లెక్కింపులో ఇమిడియున్న ఐదు నియమములను వివరించిరి. ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క పేరే చెప్పవలయును. పేర్ల వరుస మాఱరాదు. చివర చెప్పిన పేరే మొత్తము రాశిని తెలుపును. వస్తువులెట్టివైనను లెక్క యొక్కటే. ఏ కొననుండి మొదలిడినను ఫలము మాఱదు. పెద్దలకివి చెప్పనక్కఱలేని సంగతులుగ తోచును. పసివారికి ఇందొక్కొక్కటి యొక్కొక్క మెట్టు. అందును మూడవది మిక్కిలి యెత్తైనది. నాలుగు గోళీలను వ్రేలుపెట్టి సరిగా లెక్కించిన బాలుని "ఎన్ని రా?" యని యడిగినచో, వాడు జవాబు చెప్పుటకు మాఱుగ మఱల "ఒకటి, రెండు" అని మొదలిడుట తల్లులెల్లరు నెఱిగినదే.

ఈ మెట్టును పిల్లలెట్లు ఎక్కుదురో 1990లో కారెన్ విన్ అను పండితురాలు ప్రకటించిన పరిశోధనవలన స్పష్టమైనది. ఇన్ని యిమ్మని యడిగినపుడు పిల్లలు మొదట ఒకటి మాత్రమే సరిగా నీయగలరు. కొన్ని నెలలకు రెండు, మఱికొన్ని నెలలకు మూడు. అంతవఱకు అంతకు మించిన సంఖ్యలన్నియు వారికి "చాలా" అను నర్థమునే యిచ్చును. పిదప సుమారు మూడున్నర యేండ్ల ప్రాయమున, లెక్కించి చివర చెప్పిన మాటయే మొత్తమను సంగతి తెలియును. తెలిసిన తోడనే తమకు వచ్చిన సంఖ్యలన్నిటికి దానిని వర్తింపజేయుదురు. మా మిత్రుని మనుమరాలు ఆ గడపమీదనే నిలిచియున్నది. ఆమెకు వలసినది ఏబది దాటి నూఱు వఱకు వల్లెవేయుట కాదు, నాయనమ్మగారి గింజలే.

ఇక సంఖ్యల పేర్లను గూర్చి యొకమాట. మన తెలుగులో పదకొండు, పదమూడు, పదునాలుగు అను పేర్లయందు పది ముందు నిలిచి కనబడుచున్నది. ఇరువది దాటిన పిమ్మట ఇరువదియొకటి, ఇరువదిరెండు అని లెక్క తానే నడచును. ఇంగ్లీషులో లెవెన్, ట్వెల్వ్ అను మాటలలో పది జాడ వినబడదు. థర్టీనున మూడు ముందు, పది వెనుక. థర్టీనునకును థర్టీకిని చెవికి గల భేదము మిక్కిలి స్వల్పము. హిందీలో ఇరువదితొమ్మిదిని ఉన్తీస్ అందురు. అనగా ముప్పదికి ఒకటి తక్కువ. నూఱు వఱకు ఇంచుమించుగ ప్రతి పేరును వేఱుగ కంఠస్థము చేయవలయును. తమిళమున పదులన్నియు తేటగా నున్నను, తొంబదిని తొణ్ణూఱు అందురు. తొంబది పేరిట నూఱు వచ్చి కూర్చున్నది. ఈ భేదములు నిరర్థకములు కావు. 1995లో కెవిన్ మిల్లరు మొదలగువారు చీనా, అమెరికా శిశువులను పోల్చి చూడగా, పది వఱకు లెక్కించుటలో ఉభయులును సమానులే. పది దాటిన వెంటనే అమెరికా శిశువులు వెనుకబడిరి. చీనా భాషలో పదకొండును 'పది ఒకటి' యనియే చెప్పుదురు.

ఇది మన భాష గొప్పయని డంబము పలుకుటకు చెప్పినది కాదు. హిందీ మాటలాడు పిల్లలును, ఇంగ్లీషు పిల్లలును గణితమున ఆఱితేఱుచునే యున్నారు. మేము చెప్పునది, ఇంట ఉచితముగ లభించు నొక సౌకర్యమును మనము చేజేతుల పాఱవేసికొనరాదని మాత్రమే. స్థానవిలువ యనునది తొలి తరగతులలో పిల్లలకు మిక్కిలి చిక్కైన పాఠము. నూటమూడు వ్రాయుమనగా 1003 అని వ్రాయు పసివాడు మూర్ఖుడు కాడు. నూఱును వ్రాసి, ప్రక్కన మూడును వ్రాసినాడు. విన్నది విన్నట్లు వ్రాసినాడు. వానిని మందలించుటకంటె, పదేసి పుల్లలను కట్టలుగ కట్టించి, పది కట్టలను ఒక మోపు చేయించి, మోపొకటి, కట్టలు లేవు, విడిపుల్లలు మూడు అని చూపుట మేలు. అపుడు నడుమనున్న సున్న యేల నిలిచినదో వానికే తెలియును.

మఱి ఎక్కములు వలదా యని కొందఱు ప్రశ్నింపవచ్చును. వలయును. వీధిబడి పంతులుగారు ఎక్కములు, పావు, అర, ముప్పావు లెక్కలు వల్లెవేయించుట వ్యర్థమని మేమనము. ఏడెనిమిదులు ఏబదియాఱు అని తడవుకొనక చెప్పగల బాలునికి పెద్ద లెక్కలో బుద్ధి చిక్కుకొనదు. కాని ఏడేసి గింజలు ఎనిమిది కుప్పలు పోసి చూచిన పిమ్మట నోటికి వచ్చిన ఎక్కము వేఱు, చూడకయే వచ్చిన ఎక్కము వేఱు. మొదటిది మఱచినను మఱల కట్టుకొనవచ్చును. రెండవది మఱచిన పోయినదే.

అర్థమును అక్షరమును విడిపోయినచో నేమగునో 2025లో 'నేచర్' పత్రికలో వెలువడిన పరిశోధన చూపినది. కలకత్తా, ఢిల్లీ బజారులలో సరుకులమ్ము 1,436 మంది పిల్లలను పరీక్షింపగా, వారిలో దాదాపందఱు బేరములో కఠినమైన లెక్కలను నోటనే సరిగా చేసిరి. బడిలో వలె కాగితముపై నిచ్చిన, అంతకంటె సులభమైన లెక్కలను చేయలేకపోయిరి. సమీప పాఠశాలలలో చదువుచు అంగడి యెఱుగని పిల్లలు దీనికి విపరీతము: కాగితముపై చేసిరి, బేరములో తడబడిరి. ఒకరికి లెక్క యున్నది, వ్రాత లేదు. మఱియొకరికి వ్రాత యున్నది, లెక్క లేదు. మన పిల్లలు రెండవ తెగకు చెందినవారని గ్రహింపవలయును.

దేశపు స్థితియు సంతోషకరముగ లేదు. 2024 నాటి అసర్ నివేదిక ప్రకారము గ్రామీణ భారతమున మూడవ తరగతి పిల్లలలో తీసివేత చేయగలవారు 33.7 శాతము. 2022లో నిది 25.9 శాతమే గనుక కొంత మేలు కలిగినది. మూడవ తరగతి ముగియులోపల ప్రతి శిశువునకును చదువును లెక్కయు రావలయునని కేంద్రప్రభుత్వము 2021లో నిపుణ్ భారత్ పథకమును ప్రారంభించినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము, వీలైనచోట్ల ఐదవ తరగతి వఱకైనను ఇంటిభాషలో బోధింపవలయునని చెప్పినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపవలయునని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము నిర్దేశించుచున్నది. హొసూరు, బళ్లారి, బరంపురము, షోలాపురములలో తరతరములుగ నివసించు తెలుగువారి పిల్లలు తఱచుగ ఇంట నొక భాషలో, బడిలో వేఱొక భాషలో లెక్కింతురు. రాజధానిలోని మన పిల్లలకు అంగడిభాష మూడవది. ఇందువలన భయపడ బనిలేదు. మనలోనే ఇంట తెలుగు మాటలాడుచు, తమిళ పాఠశాలలో చదివినందున, నేటికిని మనస్సులో తమిళముననే కూడికలు చేసికొను పెద్దలు గలరు. వారి లెక్కకు తప్పు రాలేదు. రాశి యనగా నేమో యొక భాషలో గట్టిగా తెలిసినచో, రెండవ భాషలో నేర్వవలసినది పేర్లు మాత్రమే. ఏ భాషలోను తెలియక పేర్లను మాత్రము మూడు భాషలలో మోయుటయే ప్రమాదము.

ఇందుకు ధనము వెచ్చింప నక్కఱలేదు. అమెరికాలో సీగ్లర్, రమణి యనువారు 2008లో ప్రకటించిన పరిశోధనలో, పేద యిండ్ల శిశువులచేత ఒకటి మొదలు పది వఱకు గడులు గీచిన పలకపై పావులు నడిపించు ఆటను, పదునైదేసి నిమిషములు నాలుగు మాఱులు ఆడించినంతనే వారి సంఖ్యాజ్ఞానము హెచ్చెను. అంకెలకు బదులు రంగులున్న పలకపై ఆడినవారికి ఆ మేలు కలుగలేదు. మన యటుకమీద దుమ్ముపట్టియున్న వైకుంఠపాళి అట్టిదే కదా! గవ్వలు వేసి గడులు నడుచు అష్టాచెమ్మ, పదునాలుగు గుంటలలో గింజలు పంచు వామనగుంటలు, విస్తళ్లు ఎందఱికి వేయవలయునో లెక్కించుట, మెట్లెక్కుచు లెక్కించుట, ఇవియన్నియు బడికి ముందు బడులే.

మొన్న మఱల ఆ మిత్రుని యింటికి పోయితిమి. తాతగారు చాపమీద కూర్చుండి మనుమరాలితో వైకుంఠపాళి యాడుచుండిరి. నాయనమ్మగారు మూడు గింజలడిగిరి. బాలిక మూడే తెచ్చినది. ఆఱడిగిరి, కొంత తడబడి ఐదు తెచ్చి, అఱచేత చూచుకొని, తానే వెనుకకు పోయి మఱియొకటి తెచ్చినది. ఆనాడు తాతగారు మాకు ఏబది వఱకు అప్పగింపించి వినిపింపలేదు. ఉద్యోగభారముచే అలసి సాయంకాలము ఇల్లు చేరు మా పాఠకులు, పిల్లలను "ఎంతవఱకు వచ్చినది?" అని యడుగుటకు మాఱుగ, ఒక్క పావుగంట గింజలు ముందు పోసికొని వారితో కూర్చుందురు గాక యని మా విన్నపము.