అరుగుమీది అన్న

సగమును మూడవవంతును కలిపిన నెంత యగునని యడిగినచో, ఆఱవ తరగతి బాలుడు పైయంకెలను పైయంకెలతోను, క్రిందియంకెలను క్రిందియంకెలతోను కూడి, పలకమీద 'ఐదింట రెండు' అని వ్రాసి, మెప్పు నాశించుచు తల యెత్తి చూచును. నలువదిమంది కూర్చున్న తరగతిలో నీ సమాధానమునకు దక్కునది యొక యెఱ్ఱగీత మాత్రమే. తిరుత్తణిలో నేదో యొక యింటి యరుగుమీద, సాయంకాలపు వెలుగులో, ఆ బాలుని యెదుట కూర్చుండు కళాశాల విద్యార్థి చేతిలో నెఱ్ఱసిరా కలముండదు. ఉన్నను దానిని వెంటనే ప్రయోగింపకుండుటయే యతడు మొదట నేర్వవలసిన విద్య.

"ఎట్లా వచ్చింది తమ్ముడూ?"

"పైవి రెండూ కూడినా, కిందివి రెండూ కూడినా అన్నా."

"సరే. అర దోసె తిన్నావు. ఆమీద ఇంకో ముక్క తిన్నావు. మొత్తం అరకన్నా ఎక్కువా, తక్కువా?"

"ఎక్కువే."

"మరి ఐదు ముక్కల్లో రెండంటే?"

బాలుడు వ్రేళ్లు మడిచి చూచుకొనును. "అరకన్నా తక్కువ అన్నా!"

లవహారములను గూర్చిన పాఠము నిజముగా నిక్కడ మొదలగుచున్నది. బాలుడు మందబుద్ధి కాడు. భిన్నముల గుణకారమునకు సర్వవిధముల నొప్పు పద్ధతిని, అడుగకయే, సంకలనమునకు తెచ్చికొన్నవాడు. ఈ సంగతి కనిపెట్టవలెనన్న నొక్క ప్రశ్న యడిగి యూరకుండవలెను. నలువదిమందిలో నట్లూరకుండుటకు నుపాధ్యాయునకు తీఱికయేది? ఒక్కరికొక్కరుగా చదువు చెప్పుటయందలి బలమంతయు చెప్పుటలో గాక వినుటలో నున్నదని నా నమ్మకము.

ఆంధ్రదేశమున 'ప్రైవేటు' అనియు, ఈ ప్రాంతమున 'ట్యూషన్' అనియు పిలువబడు నీ వ్యాపారమునకు, పండితులకంటె విద్యార్థులే యొకవిధమున తగినవారని చెప్పిన కొందఱికి కోపము రావచ్చును. ఏరు దాటి తెప్ప తగలవేయుట లోకస్వభావము. గొప్ప విద్వాంసుడు తాను భిన్నములను నేర్చినప్పటి తికమకను మఱచి యెన్నియేండ్లో గడచినవి. ఉదయము ఎలక్ట్రిక్ రైలెక్కి మదరాసుకు కళాశాలకేగి, చీకటిపడునప్పటికి తిరిగివచ్చు పందొమ్మిదేండ్లవాని తెప్ప యింకను ఒడ్డుననే కట్టబడి యున్నది. తానెచ్చట తడబడినది అతనికి జ్ఞప్తియున్నది. బాలుడును, మాస్టారినడుగ జంకు ప్రశ్నను అన్నను జంకక యడుగును.

ఈ భావము మదరాసువారికి క్రొత్తది కాదు. ఎగ్మూరులోని సైనిక బాలుర యనాథాశ్రమమునకు 1789లో నధ్యక్షుడైన ఆండ్రూ బెల్ అను దొర, వీథిబడి పిల్లలు ఇసుకలో వ్రేలితో నక్షరములు దిద్దుట చూచి ముచ్చటపడి, తన యుపాధ్యాయులు ఆ పద్ధతి నవలంబింప నిష్టపడకపోగా, ఎనిమిదేండ్ల జాన్ ఫ్రిస్కెన్ అను బాలునకే యక్షరముల తరగతి నప్పగించెను. 1797లో లండనున ప్రకటింపబడిన బెల్ పుస్తకమువలన నది 'మదరాసు పద్ధతి' యను పేరున దేశదేశముల వ్యాపించినది. అయితే, ఒక్క గురువుతో వందలమందికి చౌకగా చదువు చెప్పింపవచ్చుననునదియే ఆ దేశములవారికి నచ్చినది. పిల్లవాని చిక్కు పిల్లవానికే ముందు తెలియుననునది యంతగా వారి చెవి కెక్కినట్లు లేదు.

ఒక్కరికొక్కరుగా చెప్పు చదువు ఫలమును శాస్త్రజ్ఞులు కొలిచి చూచినారు. అమెరికాదేశపు విద్యాశాస్త్రజ్ఞుడు బెంజమిన్ బ్లూమ్ 1984లో, ఒంటరిగా చెప్పించుకొన్న సగటు విద్యార్థి, మామూలు తరగతిలోని నూర్గురిలో తొంబదియెనమండ్రను మించెనని వ్రాయగా లోకమబ్బురపడినది. ఆ తరువాత 2011లో కర్ట్ వాన్‌లెన్ అను పరిశోధకుడు నానా పరీక్షల ఫలితములను సమీకరించి చూడగా, బ్లూమ్ రెండు ప్రామాణిక విచలనములని లెక్కించిన మేలు 0.79కి దిగినది, అనగా నందులో నించుమించు ఐదింట రెండువంతులు. (మన బాలుని సమాధానమునకు తగిన లెక్క కడకొకచోట దొరకినది!) అడుగడుగునను తప్పును చూపుచు సవరించు కంప్యూటరు పాఠములు మనుష్యులకంటె నంతగా వెనుకబడలేదని కూడ నతడు కనుగొనెను. కావున మహిమ యున్నది గురువుగారి పాండిత్యమున గాదు, లెక్క మధ్యలో నేయడుగున బాలుని కాలు జాఱినదో యా యడుగుననే పట్టుకొనుటయందు.

తిరుత్తణియందును, తిరువళ్లూరు జిల్లాలోని పల్లెలయందును ఆ యడుగును పట్టుకొనుటకు గణితజ్ఞాన మొక్కటియే చాలదు. చిత్తూరు జిల్లాకు చెందిన తిరుత్తణి, పాటస్కర్ గారి మధ్యవర్తిత్వము ననుసరించి 1960 ఏప్రిల్ 1వ తేదీన మదరాసు రాష్ట్రమున చేరినది. తిరువళ్లూరు జిల్లా 1997లో నేర్పడినది. సరిహద్దు గీత కదలినను ఇండ్లలోని మాట కదలలేదు. ఇంట 'పావు' అను బిడ్డ వీథిలో 'కాల్' అనును, బడిలో 'ఒన్ బై ఫోర్' అనును. మూడును ఒక్కటే యని వానితో నెవ్వరును చెప్పి యుండరు. తెలుగున కూడ 'కాలు' అనగా నాలుగవ వంతేనని యొక్కమాట చెప్పి, కుర్చీకాళ్లను లెక్కింపజేసిన చాలును, మూడు మాటలొక్కచోట చేరును.

అక్షరముల చిక్కు మఱియు విచిత్రమైనది. తమిళ మాధ్యమమున చదివి, తాతకు జాబు వ్రాయుటకై తెలుగు నేర్చుకొను బాలిక 'గుడికి పోతిని' అని వ్రాయబోయి 'కుడికి పోతిని' అని వ్రాయును. క, ఖ, గ, ఘ లనెడి నాలుగింటికిని తమిళమున నొక్కటే లిపి కలదు. ఆమె యజాగ్రత్త చూపలేదు, తమిళలిపి నియమమును తప్పక పాటించినది. తెలుగు మాధ్యమపు బాలునకు దీనికి సరిగా నెదురైన కష్టము వచ్చును: 2006వ సంవత్సరపు చట్టముచే మొదటి తరగతినుండి క్రమముగా తమిళము నిర్బంధము కాగా, నొక్క యక్షరమును ఎచ్చట 'క' యనవలెనో యెచ్చట 'గ' యనవలెనో వానికి తోచదు. రెండు లిపులును తెలిసిన యన్న యరనిమిషమున చెప్పగల దీనిని, ఒక్కటే తెలిసిన గొప్ప పండితుడు చెప్పలేడు.

తిరుత్తణి పేరెత్తి, 1888లో నిచ్చట తెలుగింట జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణగారిని తలపకుండుట యెట్లు? ఆయన 1936 మొదలు 1952 వఱకు ఆచార్యపదవి నలంకరించిన ఆక్స్‌ఫర్డున, శిష్యుడు వారమున కొకసారి తన వ్యాసమును గురువునకు చదివి వినిపించి, ప్రశ్నలకు బదులు చెప్పుకొనుట పూర్వాచారము. ఆయనకు చోటిచ్చిన ఆల్ సోల్స్ కళాశాలలో మాత్రము పట్టభద్రులు కాని విద్యార్థులే యుండరు! ఏమైనను, ఆక్స్‌ఫర్డులో ధనవంతుల బిడ్డలకు దక్కిన యా యేకాంతశ్రవణము తిరుత్తణి యరుగుమీద నొక మరమగ్గపు కార్మికుని బిడ్డకును దక్కినచో నేమి తక్కువ?

దక్కుటకు కొంత ప్రభుత్వమును పూనుకొన్నది. 2021లో తమిళనాట నారంభమైన 'ఇల్లం తేడి కల్వి', అనగా ఇల్లు వెదకి వచ్చు చదువు, ఎనిమిదవ తరగతి వఱకుగల పిల్లలకు సాయంకాలము చదువు చెప్పిన వాలంటీర్లకు నెలకు వేయి రూపాయలిచ్చిన పథకము. ఒక్కొక్కరి యొద్ద నిరువదిమంది వఱకు చేరిరి గనుక నది యేకాంతబోధ కాదు. అయినను నేర్పుగలవారు పందొమ్మండుగురికి పని చెప్పి, యొక్కనిని దగ్గఱకు పిలిచి యైదునిమిషములు వినుటకు వీలుండెను.

అన్నలు చేయు తప్పులు కూడ లేకపోలేదు. హోంవర్కు తామే చేసిపెట్టుట మొదటిది. తల్లిదండ్రులకదియే సంతోషము గనుక మాన్పుట కష్టము. తమ పరీక్షలు వచ్చినపుడు చెప్పకయే మానుట రెండవది. నాలుగువారములు వరుసగా వచ్చి యైదవవారము రానిచో, బాలుడు తన తప్పువలననే యన్న రాలేదనుకొనును. వారమునకు రెండుగంటలైనను సరియే, ఎన్నడు వత్తునో యెన్నడు రానో ముందుగా చెప్పి యా మాట నిలుపుకొనుట, బిగ్గఱగా సూత్రములు వల్లింపజేయుటకంటె మేలు.

రైలు దిగి యన్న యరుగు చేరునప్పటికి బాలుడు పలకతో సిద్ధముగా నుండును. ఈసారి చెల్లెలు కూడ ప్రక్కనుండును. దోసెను గూర్చి యామెను వాడే యడుగుచున్నాడు. ఆమె తప్పు చెప్పినది. వాడు నోరు తెఱచి, మరల మూసికొని, "ఎట్లా వచ్చింది?" అనెను.