పంచుకుంటే తరగని విత్తనము



కోత పండుగనాడు జొన్న కంకులు, కందులు, గుమ్మడికాయలు దేవుని సన్నిధికి తెచ్చి కృతజ్ఞతలు చెల్లిస్తాము. అయితే ఆ పంటకు మూలమైన విత్తనము ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నదో ఆలోచిస్తున్నామా?

మా నారాయణఖేడ్ ప్రాంతములో ఎన్నో పొలాలు వానను నమ్ముకున్నవే. వాన లేకపోతే ఒకే పంట వేసిన కుటుంబానికి గింజ దక్కదు. విత్తనాలకు, ఎరువులకు, పురుగు మందులకు చేసిన అప్పు మాత్రము నిలిచి ఉంటుంది. ఆ భారము తల్లిదండ్రులతోపాటు పిల్లల చదువు మీద కూడ పడుతుంది.

ఇదే సంగారెడ్డి జిల్లాలో, మనకు పొరుగుననే ఉన్న జహీరాబాద్ ప్రాంతపు స్త్రీలు మరొక దారి చూపారు. 1983లో ప్రారంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో పేద స్త్రీలు, ముఖ్యముగా దళిత స్త్రీలు, గ్రామ గ్రామాన మహిళా సంఘాలుగా కూడారు. 1990 దశకములో పడావు భూములను సాగులోకి తెచ్చి జొన్నలు పండించారు. ఆ ధాన్యమును ఊరిలోనే నిలువచేసి, పేద కుటుంబాలకు తక్కువ ధరకు ఇచ్చారు. కరవు రాకముందే ధాన్యము కూర్చిన యోసేపు జ్ఞానము ఇటువంటిదే కదా!

వారు ఒకే చేనులో జొన్న, కంది, పెసర, అలసంద, నువ్వులు, పుంటికూర కలిపి వేస్తారు. ఒకటి పోయినా మరొకటి నిలుస్తుంది. పప్పుజాతి మొక్కల వేళ్లు భూమికి నత్రజనిని ఇస్తాయి. మేలైన కంకులను ఏరి, గింజలను బూడిదతో, ఎండిన వేపాకుతో కలిపి, పేడ, మట్టి అలికిన గంపలలో దాచుతారు. విత్తనము లేని వారికి అప్పుగా ఇస్తారు. పంట వచ్చాక తీసుకున్న దానికంటె ఎక్కువ కొలిచి తిరిగి ఇవ్వాలి. డబ్బు ప్రసక్తి లేదు.

సంక్రాంతి దినములలో ‘పాత పంటల జాతర’ పేరిట విత్తనాల గంపలను ఎడ్లబండ్లపై ఊరూరా తీసుకువెళ్లి, తమ అనుభవాలను ఇతరులకు చెప్పారు. 2008 అక్టోబరులో మాచ్‌నూరులో వారి ‘సంఘం రేడియో’ మొదలైంది. బడికి వెళ్లే భాగ్యము లేని స్త్రీల తెలివి అలా ఇంటింటా వినబడింది. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమానము ఈ సంస్థకు లభించింది. సంస్థను స్థాపించినవారిలో ఒకరైన పి.వి. సతీష్ గారు 2023లో మరణించారు. అయినా వారు నమ్మిన సత్యము మిగిలింది: రైతుకు మొదటి గురువు సాటి రైతే.

అయితే ఒక్క సంవత్సరములోనే అంతా మార్చమని మేము చెప్పడము లేదు. ఎరువుల సాగు మానిన తొలి ఏడాది దిగుబడి తగ్గవచ్చు, పని పెరగవచ్చు. కాబట్టి పొలములో ఒక మూల ప్రారంభించండి. పశువుల ఎరువు వేయండి. కలిపి విత్తండి. ఫలితమును పొరుగువారికి దాచకుండ చెప్పండి. నష్టము వస్తే అదీ చెప్పండి, మరొకరు తప్పించుకుంటారు.

మన సంఘములోని వృద్ధ తల్లులను అడగండి. ఏ గింజ ఏ కార్తెలో వేయాలో, ఎలా దాచాలో వారికి తెలుసు. అడిగేవారు లేక ఆ తెలివి వారితోనే సమాధికి పోతున్నది. ప్రభువు చెప్పిన ఉపమానములో తలాంతును పాతిపెట్టిన దాసుడు గద్దింపు పొందాడు. విత్తనమును పాతితే మొలుస్తుంది గాని తెలివిని పాతితే మొలవదు.

ఈ సంవత్సరము కోత పండుగకు పంటతోపాటు పిడికెడు విత్తనము కూడ తెద్దాము. ఆరాధన ముగిసిన తరువాత స్త్రీల మైత్రి సహోదరీలు వాటిని మార్చుకొని, ఎలా సాగు చేయాలో ఒకరికొకరు చెప్పుకొందురు గాక. భూమిని మనకు అప్పగించిన దేవుడు మన చేతుల పనిని ఆశీర్వదించును గాక. ఆమేన్.