పెళ్లయింది సరే... వీసా ఎప్పుడు?

పెళ్లయిన మర్నాటి నుంచే ప్రశ్న మొదలవుతుంది: 'అమ్మాయి ఎప్పుడు వెళ్తోంది?' పక్కింటి ఆంటీ నుంచి ఆఫీసులో టీమ్ లీడ్ దాకా అందరిదీ అదే మాట. భర్త అమెరికా సిటిజన్ అయితే మరీనూ. 'సిటిజన్ కదా, నెలలో వచ్చేస్తుందిలే' అనేస్తారు. రాదండీ! చాలా నెలలు ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూ తిరిగినదాన్ని కాబట్టి, ఈ లైన్లో కొత్తగా నిలబడేవాళ్లకు నాలుగు మాటలు చెప్తాను.

మీది ఏ లైను?

భర్త హెచ్1బీ మీద ఉంటే భార్యకు వచ్చేది హెచ్4. అది నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా. ఇంటర్వ్యూ మన హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లోనే ఇవ్వొచ్చు. భర్త సిటిజన్ అయితే కథ వేరు. అది ఇమ్మిగ్రెంట్ వీసా, అంటే నేరుగా గ్రీన్‌కార్డ్ దారి. దీని ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో ఉండదు. ఎక్కువగా ముంబయిలోని బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌కు వెళ్లాల్సి వస్తుంది.

భర్తకు గ్రీన్‌కార్డ్ మాత్రమే ఉంటే మీది ఎఫ్2ఏ కేటగిరీ. దానికి ఏటా కోటా ఉంటుంది, నెలనెలా వీసా బులెటిన్ చూసుకోవాలి. సిటిజన్ భార్యకు కోటా లేదు. కోటా లేదు కానీ క్యూ మాత్రం ఉంది!

మూడు ఆఫీసులు, ఒకే ఫైలు

మొదటిది యూఎస్‌సీఐఎస్. ఇక్కడ భర్త ఐ-130 పిటిషన్ వేస్తాడు. 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్‌లో అయితే 625 డాలర్లు, కాగితం మీద అయితే 675. నెలలన్నీ ఎక్కువగా ఇక్కడే కరిగిపోతాయి. అది ఓకే అయ్యాక ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కు చేరుతుంది. అక్కడ 325, 120 డాలర్ల చొప్పున రెండు ఫీజులు కట్టి, డీఎస్-260 ఫారం నింపి, సర్టిఫికెట్లన్నీ అప్‌లోడ్ చేయాలి. అన్నీ సరిపోయాయన్నాకే కాన్సులేట్ ఇంటర్వ్యూ తేదీ.

మన ఐటీ భాషలో చెప్పాలంటే మొదటి జాబ్ పూర్తయ్యేదాకా రెండోది రన్ అవదు. స్టేటస్ పేజీని రోజుకు పదిసార్లు రిఫ్రెష్ కొట్టినా అంతే.

భర్త ఐ-864 అనే స్పాన్సర్‌షిప్ పత్రం కూడా ఇవ్వాలి. అమెరికా పేదరిక గీతకు 125 శాతం ఆదాయం చూపించాలి. 2025 లెక్కలో ఇద్దరున్న ఇంటికి అది ఏడాదికి 26,437 డాలర్లు. ఆదాయం చాలకపోతే ఇంకొకరు జాయింట్ స్పాన్సర్‌గా సంతకం చేయొచ్చు.

పేరు దగ్గరే తిప్పలు

టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో సర్‌నేమ్ వేరే గడిలో, ఆధార్‌లో ఒట్టి ఇనీషియల్. మనకు అది ఒకే మనిషి. అమెరికా ఆఫీసర్‌కు ముగ్గురు! అందుకే పెళ్లి రిజిస్ట్రేషన్‌కు వెళ్లినప్పుడే పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగే పడేలా చూసుకోండి. గుడిలో ఇచ్చిన రసీదు చాలదు, రిజిస్ట్రార్ ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలి. మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో మీ పుట్టుక నమోదు కాకపోతే, అక్కడే 'నాన్ అవైలబిలిటీ' సర్టిఫికెట్ తీసుకుని అమ్మానాన్నల అఫిడవిట్లు జత చేయాలి. పోలీస్ క్లియరెన్స్‌కు పాస్‌పోర్ట్ ఆఫీసులో అప్లై చేయాలి. మెడికల్ పరీక్షలు ఏ ఆస్పత్రిలో పడితే అక్కడ కుదరవు, కాన్సులేట్ లిస్టులో ఉన్న డాక్టర్ల దగ్గరే.

కిటికీ దగ్గర ఏం అడుగుతారు?

టూరిస్ట్ వీసాకు 'తిరిగొచ్చేస్తాను' అని నమ్మించాలి. ఇక్కడ ఆ గొడవ లేదు. ఇక్కడ తేల్చుకునేది పెళ్లి నిజమా, కాగితం మీదిదా అని. కుడిచేయి ఎత్తి ప్రమాణం చేశాక ప్రశ్నలు మామూలుగానే ఉంటాయి. ఎలా కలిశారు? పెళ్లికి ఎవరెవరు వచ్చారు? ఆయన ఉద్యోగం ఏంటి? ఆఖరుసారి ఎప్పుడు కలిశారు?

పెద్దలు కుదిర్చిన పెళ్లా? అదే చెప్పండి. మ్యాట్రిమొనీ సైట్‌లో చూసి, జాతకాలు కలిసి, రెండుసార్లు మాట్లాడుకుని ఒప్పుకున్నామని చెప్పడానికి మొహమాటం దేనికి? ఎవరో రాసిచ్చిన ప్రేమకథ మాత్రం అప్పజెప్పొద్దు. అబద్ధం బయటపడితే జీవితాంతం అమెరికా తలుపు మూసుకుపోవచ్చు.

ఇక సాక్ష్యాలు. మన పెళ్లి ఆల్బమ్‌లో వందల ఫొటోలుంటాయి, అన్నీ ఒక్క రోజువే. పెళ్లి తర్వాతి కాపురం కూడా ఫైల్లో కనపడాలి. ఆయనకు రాత్రి తొమ్మిదిన్నర అయితే నాకు ఉదయం ఏడు. నెలల తరబడి అదే టైముకు ఒక కాల్, నేను ఆఫీసు క్యాబ్ ఎక్కేలోపు. ఆ కాల్ లాగ్ నా ఫైల్లో స్టేజీ ఫొటోల పక్కనే ఉంది. చూడటానికి బోర్ కొట్టే కాగితమే. కానీ రోజూ అలా మాట్లాడుకున్నట్టు నటించడం ఎవరి తరం? విమానం టికెట్లు, నామినీగా పెట్టిన పాలసీ, ఇద్దరి పేరున ఖాతా, ఇవన్నీ ఆ కోవలోవే.

221(జి) అని స్లిప్ చేతిలో పెడితే హడలిపోకండి. ఏదో కాగితం తక్కువైందనో, ఇంకా పరిశీలించాలనో అర్థం. అడిగింది ఇస్తే ఫైలు మళ్లీ కదులుతుంది.

రాజీనామా ఎప్పుడు?

వీసా పాస్‌పోర్టు మీద పడ్డాకే. ఇమ్మిగ్రెంట్ వీసాకు మామూలుగా ఆరు నెలల దాకా గడువుంటుంది, మెడికల్ తేదీని బట్టి తగ్గొచ్చు. మన కంపెనీల 90 రోజుల నోటీస్ చాలావరకు అందులో సరిపోతుంది. ఇంటర్వ్యూ తేదీ చూసి ఉద్యోగం మానేసి, తర్వాత స్లిప్ పట్టుకుని ఇంట్లో కూర్చుంటే ఆ నెలల జీతం ఎవరిస్తారు?

వెళ్లే అమ్మాయిలు ఇది చదవండి

అమెరికాలో అడుగుపెట్టే రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే మీది సీఆర్1. రెండేళ్ల షరతుల గ్రీన్‌కార్డ్ వస్తుంది. అది ముగిసేముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751 వేయాలి. 'నేను సంతకం పెట్టకపోతే వెళ్లిపోవాల్సిందే' అని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి. విడాకులైనా, హింస ఎదురైనా, పెళ్లి నిజాయితీగా జరిగిందని చూపిస్తూ ఒంటరిగా ఐ-751 వేసుకునే దారి చట్టంలో ఉంది. విడాకులిచ్చినంత మాత్రాన ఐ-864 బాధ్యత కూడా భర్తను వదలదు.

కాబట్టి పాస్‌పోర్టు, మ్యారేజ్ సర్టిఫికెట్, కేస్ నంబర్, ఆయన సంతకం చేసిన ఐ-864, అన్నింటి కాపీలూ మీ మెయిల్లో, మీ పాస్‌వర్డ్‌తో ఉంచుకోండి. కేసు ఆయన పేరుతో మొదలైనా, ప్రయాణం చేసేది మీరు.