నీరు తగ్గితే తేలే దీవి

విశాఖపట్నం నుంచి భువనేశ్వర్ వెళ్లే రైల్లో బరంపురం దాటాక కాసేపటికి కుడివైపు కిటికీ నిండా నీళ్లు కనిపిస్తాయి. కొత్తవాళ్లు సముద్రం అనుకుంటారు. అది చిలికా సరస్సు. సముద్రం దానికి అవతల, సన్నటి ఇసుక గట్టు వెనకాల ఉంటుంది. ఈ సరస్సు నడుమ నలబన అనే దీవి ఉంది. వర్షాకాలంలో వెళ్తే అది కనిపించదు. నీళ్ల కింద మునిగి ఉంటుంది. వానలు వెనకబట్టి నీటిమట్టం దిగుతున్నకొద్దీ బురద మేటలుగా, గడ్డి తిప్పలుగా కొద్దికొద్దిగా పైకి తేలుతుంది. సరిగ్గా అప్పుడే ఉత్తర దిక్కు నుంచి లక్షల పక్షులు దిగుతాయి.

నలబన విస్తీర్ణం 15.53 చదరపు కిలోమీటర్లు. 1987లో దీన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. బాలుగావ్ నుంచో, పక్కనే ఉన్న బర్కుల్ నుంచో పడవ ఎక్కితే, కాళీజాయి అమ్మవారి గుడి ఉన్న రాతి దీవి మీదుగా ఇటు రావచ్చు. పడవ దీవి అంచు దాకానే వెళ్తుంది, లోపలికి పోనివ్వరు. అక్కడి నుంచి చూస్తే పక్షులన్నీ ఒకే గుంపుగా కనిపిస్తాయి. బైనాక్యులర్‌తో కాస్త ఓపిగ్గా చూస్తే ఎవరి చోటు వారిదేనని అర్థమవుతుంది. ఆ చోట్లు పంచేది నీటి లోతు.

లోతును బట్టి పంపకం

చిలికా పొడవు సుమారు 64 కిలోమీటర్లు. వానాకాలంలో దాని విస్తీర్ణం 1,165 చదరపు కిలోమీటర్ల దాకా పెరుగుతుంది, వేసవిలో 906కు తగ్గుతుంది. ఇంత పెద్ద సరస్సులో చాలాచోట్ల లోతు రెండు మీటర్లు కూడా ఉండదు. తాంబాళంలో పోసిన నీళ్ల లెక్కన పరుచుకున్న సరస్సు ఇది. అందుకే మట్టం జానెడు తగ్గినా ఎకరాలకెకరాలు బురద బయటపడుతుంది. దక్షిణాన రంభ వైపున్న దీవులు చాలావరకు రాతి గుట్టలు, ఏ కాలంలోనూ మునగవు. నలబన అలా కాదు, అది చదునైన బురద నేల. దాని గొప్పదనమంతా ఆ చదునులోనే ఉంది.

ఉల్లంకి జాతి చిన్న పిట్టల కాళ్లు పొట్టివి. నీళ్లు రెండు మూడు వేళ్ల లోతు దాటితే వాటికి తిండి దొరకదు. తడి బురద మీద పరుగులు తీస్తూ పురుగులనూ చిన్న నత్తలనూ ఏరుకుంటాయి. గాడ్విట్ కాళ్లు, ముక్కు రెండూ పొడవే కాబట్టి మరికాస్త లోపలికి దిగి, ముక్కును బురదలోకి గుచ్చి వెదుకుతుంది. ముక్కు కొసకు స్పర్శ తెలుస్తుంది, కంటికి కనిపించని పురుగును అది తాకి పట్టుకుంటుంది. సూదితోక బాతు మునగదు. తల కిందికి, తోక పైకి పెట్టి, మెడ అందినంత మేరకు అడుగున ఉన్న గింజలనూ దుంపలనూ లాగుతుంది. మెడ అందని లోతులో నీళ్లు ఎన్ని ఉన్నా దానికి పనికిరావు.

ఫ్లెమింగోది ఇంకో పద్ధతి. పొడుగు కాళ్లతో లోతుకు నడిచి వెళ్లి, తలను తలకిందులుగా నీటిలో పెడుతుంది. నాలుకను ముందుకూ వెనక్కూ ఆడిస్తూ నీటిని లోపలికి లాగి బయటికి నెడుతుంది. ముక్కు అంచుల్లో ఉన్న సన్నటి పళ్ల వరుసలు జల్లెడగా పనిచేసి నాచునూ చిన్న జీవులనూ ఆపుతాయి. ఆ తిండిలోని కెరొటినాయిడ్ రంగులే దాని ఈకలకు గులాబీ రంగునిస్తాయి.

నవంబరులో గాడ్విట్‌కు సరిపోయిన చోటు తర్వాత నీరు తగ్గాక ఉల్లంకికి సరిపోతుంది. బాతులు మరింత లోపలికి జరుగుతాయి. నీరు మెల్లగా దిగుతూ ఉంటుంది గనుక ఎప్పటికప్పుడు కొత్త బురద అంచు, కొత్త తిండి బయటపడుతుంటాయి. ఒక్కసారిగా ఎండిపోయినా, అసలు దిగకపోయినా ఈ ఏర్పాటు సాగదు.

హిమాలయం దాటిన బాతు

నలబన మీద గడ్డీ నీటిమొక్కలూ మేసే పక్షుల్లో తెల్లని తల మీద రెండు నల్లటి పట్టీలున్న పెద్ద బాతు కనిపిస్తుంది. ఇంగ్లిషు పేరు బార్ హెడెడ్ గూస్. మంగోలియా, టిబెట్ వైపు గుడ్లు పెట్టి, చలికాలానికి హిమాలయాలు దాటి వస్తుంది. ఇది ఎవరెస్టు శిఖరం మీదుగా ఎగురుతుందని చెప్పుకుంటారు. పరిశోధకులు ఈ బాతులకు చిన్న పరికరాలు అమర్చి చూస్తే తేలింది వేరు. అవి వీలైనంతవరకు నేలకు దగ్గరగా, లోయలూ కనుమలూ పట్టుకుని, నేల ఎత్తును బట్టి ఎక్కుతూ దిగుతూ ప్రయాణిస్తాయి. 2013లో వెలువడిన అధ్యయనంలో నమోదైన గరిష్ఠ ఎత్తు 7,290 మీటర్లు. ఎవరెస్టు కంటే తక్కువే అయినా, అక్కడ దొరికే ఆక్సిజన్ సముద్రమట్టంలో దొరికేదానిలో సగం కూడా ఉండదు.

ఆ గాలిలో రెక్కలాడించగలగడానికి దాని రక్తంలోనే ఏర్పాటుంది. దాని హిమోగ్లోబిన్‌లోని ఒక చిన్న మార్పు వల్ల అది ఆక్సిజన్‌ను మామూలు బాతుల కంటే గట్టిగా పట్టుకుంటుంది. గుండెలో, ఎగిరే కండరాల్లో సన్నటి రక్తనాళాలు మరింత దట్టంగా ఉంటాయి. ఊపిరి కూడా లోతుగా తీసుకుంటుంది. ఇంత కష్టపడి వచ్చే పక్షి దిగేచోట మేత ఉండి తీరాలి.

సరస్సును నడిపే మొగ

మేత పెరగాలంటే లోతుతో పాటు ఉప్పు కూడా సరిపడాలి. మహానది పాయలైన దయా, భార్గవి ఉత్తరం నుంచి మంచినీరు తెస్తాయి. సముద్రం నుంచి ఉప్పునీరు, సరస్సును సముద్రంతో కలిపే మొగ గుండా పోటుతో లోపలికి వస్తుంది. అందువల్ల ఉత్తరపు మూల వానాకాలంలో దాదాపు మంచినీరే, మొగ దగ్గర సముద్రపు ఉప్పే. నడుమ ఈ రెంటి కలయిక రుతువును బట్టి మారుతుంటుంది. చేపలు, రొయ్యలు, నీటిమొక్కలు ఈ మార్పునే నమ్ముకుని బతుకుతాయి.

ఇబ్బంది ఇసుకతో వస్తుంది. బంగాళాఖాతం అలలు ఏటా తీరం వెంబడి ఇసుకను ఈశాన్యం వైపు తోస్తుంటాయి. ఆ ఇసుక మొగను పూడుస్తుంది, పక్కకు జరుపుతుంది. నదులు తెచ్చే ఒండ్రు ఇంకోవైపు నుంచి పేరుకుంటుంది. 1990ల నాటికి సముద్రానికి దారి పొడవై, వంకర తిరిగి, సన్నబడింది. ఉప్పు తగ్గింది, కలుపు మొక్కలు కమ్ముకున్నాయి, చేపల రాబడి పడిపోయింది. 1981లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు పొందిన మన దేశపు తొలి రెండు చిత్తడి నేలల్లో చిలికా ఒకటి. అదే సరస్సు 1993లో ఆ ఒప్పందపు ప్రమాద జాబితాకు ఎక్కింది.

2000 సెప్టెంబరులో ఇసుక గట్టును తవ్వి కొత్త మొగ తెరిచారు. ఉప్పు తిరిగి వచ్చింది, ఒండ్రు బయటికి కొట్టుకుపోయింది. 1999-2000లో సుమారు 1,700 టన్నులున్న చేపలు, రొయ్యలు, పీతల రాబడి 2001-02కల్లా 11,000 టన్నులు దాటింది. 2002లో చిలికా పేరును ప్రమాద జాబితా నుంచి తీసేశారు. పని అంతటితో అయిపోలేదు. ఇసుక కదులుతూనే ఉంటుంది. 2019లో ఫణి తుఫాను ఆ గట్టును ఇంకొన్ని చోట్ల తెంచింది. మన పులికాట్‌దీ ఇదే పరిస్థితి. అక్కడా మొగలు పూడితే ముందు జాలరి వలకు, ఆ తర్వాత ఫ్లెమింగో ముక్కుకు తెలుస్తుంది.

విశాఖతో చుట్టరికం

మొగ దగ్గరి సాతపడా నుంచి పడవలో వెళ్తే ఐరావతీ డాల్ఫిన్లు కనిపించవచ్చు. ముక్కు పొడుచుకు రాని గుండ్రటి తల, వీపు మీద చిన్న రెక్క. చిలికాలో ఇవి దాదాపు నూటయాభై ఉన్నాయి. పేరు మయన్మార్ నదిదే అయినా శాస్త్రలోకానికి ఈ జాతి పరిచయమైంది విశాఖపట్నం రేవులో 1852లో దొరికిన డాల్ఫిన్ వల్ల. దాన్ని పరిశీలించి రిచర్డ్ ఓవెన్ 1866లో ఈ జాతిని వర్ణించాడు.

రంభ దగ్గరి బర్కుడా దీవికీ ఇలాంటి చుట్టరికమే ఉంది. గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1917లో, జంతుశాస్త్రవేత్త నెల్సన్ అనండేల్ అక్కడ కాళ్లు లేని ఒక బల్లిజాతి ప్రాణిని వర్ణించాడు. చూడటానికి వానపాములా ఉండే ఆ జీవికి దీవి పేరు మీదనే బర్కుడియా అని పేరుపెట్టాడు. దాని దగ్గరి బంధువు విశాఖపట్నం పరిసరాల్లో నేటికీ ఉంది.

పడవ ఎక్కడ ఆగాలి

వలసపక్షికి ప్రయాణపు ఇంధనం కొవ్వు. నలబనలో గడిపే నెలల్లో తిని కూడబెట్టిన ఆ కొవ్వుతోనే మార్చిలో తిరుగుప్రయాణం మొదలవుతుంది. పడవ మరీ దగ్గరికి వస్తే గుంపు మొత్తం లేస్తుంది. లేచిన ప్రతిసారీ కొంత కొవ్వు ఖర్చవుతుంది, మేసే సమయమూ పోతుంది. మనకు అది ఫొటోకు పనికొచ్చే దృశ్యం, పక్షికి మాత్రం నష్టం. సరస్సు ఉత్తరాన ఉన్న మంగలాజోడిలో ఒకప్పుడు పక్షులను వేటాడినవాళ్లే ఇప్పుడు కాపలాదారులూ గైడ్లూ అయ్యారు. అక్కడ ఇంజను లేకుండా గెడకర్రతోనే పడవ నడుపుతారు. డాల్ఫిన్ల విషయంలోనూ అంతే. అవి శబ్దంతోనే దారీ ఆహారమూ వెదుక్కుంటాయి కాబట్టి ఇంజను మోత వాటి పనికి అడ్డుపడుతుంది, తిరిగే ప్రొపెల్లర్ గాయపరుస్తుంది.

వెళ్లాలనుకుంటే డిసెంబరు, జనవరి నెలలు మేలు. నలబనలో నీరు ఎంత ఉండాలో వానలూ మహానదీ మొగా తేలుస్తాయి, అక్కడ యాత్రికుడు చేయగలిగింది లేదు. పక్షి లేవకుండా చూసి రావడం మాత్రం ఆయన చేతిలో ఉంది. కాబట్టి మంచి బైనాక్యులర్ వెంట తీసుకెళ్లండి. పడవవాడు దూరంగా ఇంజను ఆపితే, ఇంకాస్త ముందుకు పోనివ్వమని అడగకండి.