త్రీ నాట్‌ త్రీ... ఉక్కుపై చెక్కిన చరిత్ర

పోలీసు ఠాణా ముందు కాపలా కానిస్టేబుల్‌ భుజాన, పోలింగు కేంద్రం గుమ్మంలో దశాబ్దాల పాటు కనిపించిన పొడవాటి కర్ర తుపాకీ 'త్రీ నాట్‌ త్రీ'. పల్లె జనానికి అది సర్కారు అధికారానికి గుర్తు. కాలం చెల్లిన ఆ తుపాకీయే నేడు అమెరికా, కెనడా, బ్రిటన్‌ దేశాల్లో సేకర్తల బీరువాల్లో అపురూప వస్తువుగా కొలువుతీరింది. సైన్యాలు వాడి పక్కనపెట్టిన పాత రైఫిళ్లను వెదికి కొనడం, వాటి పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడం అక్కడ ఎందరికో ఇష్టమైన వ్యాపకం. ఆ తుపాకుల్లో మన దేశంలో తయారైనవీ ఉన్నాయి. వాటి విలువ ఎక్కడుంది? మన ఇంట్లోనే తాతల నాటి తుపాకీ ఉంటే చట్టం ఏం చెబుతోంది?

పేరు వెనుక కథ

గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో వెయ్యింట 303 వంతులు, అంటే సుమారు 7.7 మిల్లీమీటర్లు. అందుకే ఆ పేరు. దీని అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డ్‌. స్కాట్లండ్‌లో పుట్టి ఉత్తర అమెరికాలో స్థిరపడిన జేమ్స్‌ పారిస్‌ లీ దీని యంత్రాంగానికి రూపకర్త. లండన్‌కు ఉత్తరాన ఉన్న ఎన్‌ఫీల్డ్‌ ఆయుధ కర్మాగారం పేరు దానికి తోడైంది. 1895లో బ్రిటిష్‌ సైన్యంలో చేరిన ఈ రైఫిల్‌, 1907 నాటికి 'మార్క్‌ 3' రూపం సంతరించుకుంది. మ్యాగజైన్‌లో పది తూటాలు పడతాయి. 1914లో ఫ్రాన్స్‌లో దిగిన భారత సైనికుల చేతుల్లోనూ, 1962లో చైనా సేనలను ఎదుర్కొన్న మన జవాన్ల చేతుల్లోనూ ఉన్నది ఈ .303 రైఫిలే.

కిరీటం పోయి సింహాలు వచ్చి...

పశ్చిమ బెంగాల్‌లో హుగ్లీ తీరాన ఉన్న ఇషాపూర్‌ రైఫిల్‌ కర్మాగారంలో 20వ శతాబ్ది తొలి దశకంలోనే ఈ తుపాకుల తయారీ మొదలైంది. అక్కడ బ్రిటిష్‌ పాలనలో తయారైన రైఫిల్‌పై కిరీటం, దాని కింద 'జి.ఆర్‌.ఐ.' అక్షరాలు కనిపిస్తాయి. రాజు, చక్రవర్తి అయిన జార్జి అని వాటి భావం. స్వాతంత్య్రం తర్వాత ఆ కిరీటం స్థానంలో అశోకుని సింహాలు వెలిశాయి. కర్మాగారం అదే, తుపాకీ అదే. పాలకుడు మారిన సంగతిని ఉక్కుపై ముద్ర నమోదు చేసింది. సేకర్తలు ఈ రెండు రకాలనూ పక్కపక్కన పెట్టుకుని మురిసిపోవడానికి కారణం ఇదే.

చైనా యుద్ధం తర్వాత ఇదే కర్మాగారం 7.62 మిల్లీమీటర్ల తూటాకు సరిపడేలా '2ఎ', ఆపై '2ఎ1' రకాలను రూపొందించింది. పాత రకం కంటే మేలైన ఉక్కు, పన్నెండు తూటాల మ్యాగజైన్‌ వీటి ప్రత్యేకత. ఇవి కాక, గొట్టం లోపల గాడులు లేకుండా, ఒక్కో తూటా మాత్రమే పేలేలా మార్చిన .410 మస్కెట్లు కాపలా విధులకు వెళ్లాయి. కొత్త ఆయుధాలు వచ్చాక త్రీ నాట్‌ త్రీలు ఒక్కొక్క రాష్ట్రంలో విశ్రాంతి తీసుకున్నాయి. ఉత్తరప్రదేశ్‌ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతులో దీనికి లాంఛనంగా వీడ్కోలు పలికారు.

మిగులు సరకు సేకర్త చెంతకు

యుద్ధం ముగిశాక ఏ దేశానికైనా లక్షల సంఖ్యలో తుపాకులు మిగిలిపోతాయి. కొన్ని కరిగిపోతాయి, కొన్ని గిడ్డంగుల్లో ఉంటాయి, మరికొన్ని విదేశీ వ్యాపారులకు చేరతాయి. అమెరికాలో 1968 నాటి చట్టం సైనిక మిగులు ఆయుధాల దిగుమతికి అడ్డుకట్ట వేసింది. 1980వ దశకంలో పాతకాలపు ఆయుధాలకు ఆ నిబంధన సడలింది. దాంతో ఇషాపూర్‌ రైఫిళ్లు అక్కడి దుకాణాలకు చేరాయి. సోవియట్‌ యూనియన్‌ పతనానంతరం మోసిన్‌-నగాంట్‌ రైఫిళ్లు చిక్కటి గ్రీజు పూతతో, చెక్క పెట్టెల్లో దిగాయి. 2000వ దశకంలో వంద డాలర్ల లోపే దొరికిన ఆ రైఫిల్‌ ధర తర్వాత అనేక రెట్లు పెరిగింది.

యాభై ఏళ్లు దాటిన తుపాకులను సేకరించే వారికి అక్కడ ప్రత్యేక లైసెన్సు ఉంది. కొన్న ప్రతి ఆయుధం వివరాన్నీ వారు పుస్తకంలో రాసి ఉంచాలి. అయితే అక్కడ నివసించే తెలుగువారు ఒకటి గమనించాలి. హెచ్‌-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప, తుపాకీ కలిగి ఉండటం నేరం. గ్రీన్‌కార్డు పొందినవారికి ఈ నిషేధం వర్తించదు.

మెరుగు పెడితే విలువ పోతుంది

పాత రైఫిల్‌ చేతికి రాగానే అనుభవం ఉన్న సేకర్త మొదట చూసేది ముద్రలను. బోల్ట్‌పై, గొట్టంపై, ప్రధాన భాగంపై ఒకే సంఖ్య ఉంటే అవి మొదటి నుంచీ ఒకటిగా ఉన్న భాగాలని అంచనా. బ్రిటిష్‌ రైఫిల్‌పై 'అమెరికా ప్రభుత్వ ఆస్తి' అన్న ముద్ర ఉంటే, అది రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తయారుచేసి బ్రిటన్‌కు అందించినది. రష్యా రైఫిల్‌పై చదరపు గీతల మధ్య 'ఎస్‌.ఎ.' అక్షరాలుంటే, అది ఫిన్లండ్‌ సైన్యం చేతుల మీదుగా వచ్చినది.

అందుకే కర్రను ఉప్పుకాగితంతో రుద్ది వార్నిష్‌ వేయడం, ఉక్కును తళతళలాడించడం సేకర్తల దృష్టిలో పెద్ద పొరపాటు. దాంతో ముద్రలు చెరిగిపోతాయి. వేటకు అనువుగా ఉంటుందని ఒకప్పుడు వేలాది రైఫిళ్ల కర్రను కోసి పొట్టి చేశారు. నేడు అలాంటివాటికి గిరాకీ తక్కువ.

పేల్చే ముందు పరీక్ష

పాత తుపాకీ చూడటానికి బాగున్నంత మాత్రాన పేల్చడానికి పనికిరాదు. 'డి.పి.' ముద్ర ఉన్నవి కేవలం కవాతు శిక్షణకు ఉద్దేశించినవి. వాటిని పేల్చరాదు. గొట్టం ముందు భాగానికి తీగ చుట్టి ఉంటే, దానితో గ్రెనేడ్లు ప్రయోగించి ఉండే అవకాశం ఉంది. బోల్ట్‌ మూసినప్పుడు తూటా వెనుక ఉండే ఖాళీ పరిమితి దాటితే తూటా డొక్క చిట్లి వేడి వాయువులు వెనక్కి చిమ్ముతాయి. కాబట్టి నిపుణుడైన ఆయుధ మెకానిక్‌ కొలిచి చూశాకే పేల్చాలన్నది తిరుగులేని నియమం. .303, 7.62 రకాలు పైకి ఒకేలా కనిపించినా వాటి తూటాలు వేరు. పాతకాలపు తూటాల్లోని ప్రైమర్‌ గొట్టంలో ఉప్పులాంటి మడ్డిని వదులుతుంది. అది గాలిలో తేమను పీల్చి తుప్పు పట్టిస్తుంది. పేల్చిన వెంటనే వేడినీటితో కడిగి, ఆరబెట్టి, నూనె పూయడం నాటి సైనికుల అలవాటు. నేటి సేకర్తలదీ అదే పద్ధతి.

మన చట్టం వేరు

మన దేశంలో ఈ వ్యాపకానికి అవకాశం బహు స్వల్పం. .303, 7.62 బోరు రైఫిళ్లు, .410 మస్కెట్లు ప్రభుత్వ బలగాల తూటాలను పేల్చగలవు కనుక, ఆయుధ నిబంధనలు వాటిని సామాన్యుల లైసెన్సుకు అందని వర్గంలో చేర్చాయి. అందుకే ఇషాపూర్‌ కర్మాగారం అదే యంత్రాంగంతో, వేరే తూటా పట్టేలా .315 బోరు రైఫిల్‌ను పౌరుల కోసం తయారుచేసింది. 1959 నాటి ఆయుధాల చట్టాన్ని 2019లో సవరించి, ఒకరి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించారు. వారసత్వంగా వచ్చినవీ ఈ లెక్కలోకే వస్తాయి. లైసెన్సు లేని తుపాకీ దొరికితే రెండు నుంచి అయిదేళ్ల జైలుశిక్ష, జరిమానా తప్పవు. నిషిద్ధ ఆయుధమైతే శిక్ష ఏడేళ్ల నుంచి మొదలవుతుంది.

మరమ్మతు చేసినా పేలే వీలులేని, వాడుకలో లేని పురాతన ఆయుధాలకు మాత్రం చట్టంలోని 45వ సెక్షన్‌ మినహాయింపు ఇస్తోంది. తుప్పు పట్టిన ప్రతి తుపాకీ ఈ కోవలోకి రాదు. బాగుచేస్తే పేలే స్థితిలో ఉంటే అది ఆయుధమే.

అటకపై తుపాకీ ఉంటే...

లైసెన్సుదారు మరణించాక తుపాకీని అటకపై దాచి, ఏళ్ల తరబడి మరచిపోవడం ఆ కుటుంబాన్ని చిక్కుల్లో పడేస్తుంది. లైసెన్సుదారుతోపాటే ఆ లైసెన్సూ ముగుస్తుంది. వారసులు ఆలస్యం చేయకుండా తుపాకీని దగ్గరి పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న ఆయుధ వ్యాపారి వద్ద గానీ అప్పగించి రసీదు తీసుకోవాలి. దాన్ని ఉంచుకోదలచినవారు జిల్లాలో కలెక్టరుకు, కమిషనరేట్‌ పరిధిలో పోలీసు కమిషనర్‌కు తమ పేరిట లైసెన్సు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. పాత లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రాలు భద్రపరచుకుంటే పని సులువవుతుంది. ఈలోగా తుపాకీ పనిచేస్తుందో లేదోనని మీట నొక్కి చూడటం ప్రాణాంతకం. గొట్టంలో పాత తూటా ఉండి ఉండవచ్చు.

అప్పగించే ముందు దానిపై ఉన్న ముద్రలను, సంఖ్యను, సంవత్సరాన్ని కాగితంపై రాసుకోవడానికి మాత్రం ఏ ఆటంకమూ లేదు. తుపాకీ ఇంట్లో ఉన్నా లేకున్నా, తాతగారు ఏ కాలంలో, ఏ ప్రభుత్వం కింద దాన్ని చేపట్టారో ఆ కాగితం మనుమలకు చెబుతుంది.